సంతకం అడిగితే ఆది వచ్చింది

టైలరమ్మ నోట్లో గుండుసూదులు ఉన్నంతసేపూ ఆవిడ మాటను ఎవరూ నమ్ముకోకూడదు. పెదాలు బిగబట్టి 'రేపు' అంటే 'రాదు' అన్నట్టుంటుంది, 'చేతులు' అంటే 'చెప్పులు' అన్నట్టుంటుంది. జాకెట్లు కుట్టించుకునే ఆడవాళ్లందరికీ ఈ సంగతి తెలుసు. ఆవిడ సూదులు తీసి దిండుకు గుచ్చేదాకా ఆగి అప్పుడు అడుగుతారు. తెలియనిది ఒక్క మనిషికే, ఆవిడ మొగుడికి. బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. ఇంజను మోతలో, జనం గోలలో ఎవరు ఏ స్టాపు గొణిగినా పట్టేసిన చెవులు తనవని ఆయన గొప్ప. జరిగిందంతా ఆ గొప్ప వల్లే జరిగింది.

దుకాణం అంటే ఇంటి ముందు గదే. కిటికీ కింద కాలితో తొక్కే మిషను, గోడకు నిలువుటద్దం, అద్దం మూలకు వేలాడే టేపు. ఒక గోడ మేకులకు కుట్టాల్సినవి, ఎదురు గోడ మేకులకు కుట్టేసినవి. ఎప్పుడు చూసినా కుట్టాల్సిన గోడదే బరువు. ఆ గదిలో కస్టమర్ల సొత్తు కానిది ఒకటే ఉంది. మడత మంచం మీద పరిచి, దుమ్ము పడకుండా పాత దుప్పటి కప్పిన బొంత.

చూడ్డానికి బొంతే. కాకపోతే ఒక్కో గడిలో ఒక్కో పేరున్న మనిషి సంతకం ఉంది. అన్నీ పోస్టులో తెప్పించినవే. పేపర్లోనో టీవీలోనో ఎవరి పేరైనా గట్టిగా వినబడిందంటే చాలు, టైలరమ్మ వాళ్ల అడ్రసు వేటలో పడుతుంది. అరచేతంత తెల్ల పాప్లిన్ ముక్క తీసుకుని, పెన్ను గుచ్చుకోకుండా అట్టముక్క మీద బిగలాగి, నాలుగు మూలలా టాకా వేస్తుంది. దాంతోపాటు స్టాంపు అంటించి తన అడ్రసు రాసిన ఇంకో కవరు పెడుతుంది, అవతలివాళ్లకు వంక దొరక్కుండా. సంతకం వచ్చాక సిరా వెలిసేలోపు దాని మీద గొలుసు కుట్టు వేస్తుంది. మనిషిని బట్టి దారం రంగు.

అలా వచ్చినవాటికి ఒక్కోదానికి ఒక్కో కథ. కుస్తీవాడు ఎంత బలంగా సంతకం చేశాడంటే గుడ్డకు చిల్లు పడింది. ఆ చిల్లుకు రఫ్ఫు చేసి మరీ కుట్టింది. సినిమాల్లో జనాన్ని చావబాదే విలను 'అమ్మకు నమస్కారాలతో' అని గుండ్రటి అక్షరాలు రాసి పంపాడు. ఒక హీరోగారు రబ్బరు స్టాంపు కొట్టి పంపితే ఆ ముక్కను తిరుగు టపాలో వాపసు చేసేసింది. 'బాబూ, ఇది ముద్ర. నేనడిగింది నీ చెయ్యి' అని. రెండోసారి చెయ్యే వచ్చింది. మెజీషియనైతే అక్కడా తన బుద్ధి పోనిచ్చుకోలేదు. గుడ్డ చేరిన కొద్ది రోజులకే సిరా మాయమైపోయింది. అప్పటికి సగం పేరు కుట్టేసింది కాబట్టి బొంతలో మెజీషియన్ సగమే ఉన్నాడు. చూడ్డానికి వచ్చినవాళ్లు ఇదేంటని అడిగితే, "మిగతా సగం ఎక్కడ దాచాడో ఆయన్నే అడగండి" అంటుంది.

పక్క వాటాలో ఉండే మరిదికి ఇదంతా వేళాకోళం. రేడియోలు, ఫ్యాన్లు బాగుచేస్తాడు. స్క్రూడ్రైవరు చెవి మీద పెట్టుకుని గుమ్మంలో నిలబడి, "వదినా, ఊళ్లోవాళ్ల సంతకాలన్నీ కప్పుకుంటే చలి ఆగుతుందా?" అంటాడు.

"నీ సంతకానికి పెళ్లి రిజిస్టర్లో తప్ప ఎక్కడా గిరాకీ లేదు. నీకేం తెలుస్తుందిలే మరిదీ" అంటుంది ఆవిడ, మిషను ఆపకుండానే.

అన్ని గళ్లూ నిండాయి. నడిమి గడి ఒక్కటే బోసిగా ఉంది. అది పెద్ద గాయని కోసం.

టైలరమ్మ టైలరమ్మ కాకముందు, పెళ్లి కూడా కాకముందు, బట్టల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టేది. మిషన్ల వరసలు, ఆ చివర సూపర్‌వైజరు బల్ల, బల్ల మీద రేడియో. చక్రాలు ఆగనంతసేపూ రేడియో మోగొచ్చు, ఎవరి చక్రమైనా ఆగితే రేడియో ఆగుతుంది. అదీ అక్కడి రూలు. గాయని పాట వచ్చిందంటే మొత్తం షెడ్డు ఆ తాళానికే తొక్కేది. కాళ్లు పీక్కుపోతున్నా ఒక్కరూ ఆపేవాళ్లు కాదు. పాట అయిపోయాక ఊపిరి పీల్చుకునేవాళ్లు. టైలరమ్మ జీవితంలో రాసిన మొదటి ఉత్తరం గాయనికే. జవాబు రాలేదు. ఆ తర్వాత ఎవరెవరికో రాసింది, వాళ్లవి వచ్చాయి. ఏడాదికోసారి గాయనికి రాయడం మాత్రం మానలేదు. ఆ పక్క నుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు. గాయని కచేరీలు మానేసి, గడప దాటడం కూడా మానేసిందని పేపర్లో వచ్చినా ఈవిడ పట్టు వదల్లేదు.

ఇలా ఉండగా లైబ్రరీ మేడమ్ జాకెట్టు కొలతలివ్వడానికి వచ్చి, దుప్పటి కింద నుంచి బయటికి వచ్చిన అంచు చూసింది. ఇదేంటని లాగింది. లాగిన మనిషి అలాగే మంచం పక్కన చతికిలబడిపోయింది.

"టైలరమ్మా, వచ్చే నెల మా కొత్త రీడింగ్ హాలు తెరుస్తున్నాం. ఇది వేలాడదీస్తే ఎంత బాగుంటుందో! వరండాలో పేపర్ల స్టాండు పైన గోడ ఖాళీగా ఉంది. ఇస్తారా?"

"ఇస్తా. కానీ నడిమి గడి నిండాకే ఇస్తా."

"ఖాళీగా ఉన్నా ఫరవాలేదండీ, బాగానే ఉంది."

"చిల్లుపడ్డ జాకెట్టు మీకు కుట్టిచ్చి ఫరవాలేదు బాగానే ఉంది అంటే ఊరుకుంటారా మేడమ్? గాయనిగారి సంతకం వస్తుంది. మీరు మేకు కొట్టించుకోండి."

నోరు జారిందని ఆవిడకు మేడమ్ వీధి మలుపు తిరగకముందే అర్థమైంది. కానీ మాట అప్పటికే మరిది చెవిన పడింది. సాయంత్రానికి వీధంతా తెలిసిపోయింది. కూరగాయల బండివాడు కూడా "ఏమ్మా, వచ్చిందా గాయని?" అని అడగడం మొదలుపెట్టాడు. ఇప్పుడు ఆ గడి నిండకపోతే పోయేది బొంత పరువు ఒక్కటే కాదు. ఇన్నేళ్లూ చేసింది పిచ్చిపని అని అనడానికి కాచుక్కూర్చున్నవాళ్లందరికీ తనే చేతులారా మాట అందించినట్టవుతుంది.

ఆ హడావుడిలో ఉత్తరం మొగుడి చేత రాయించింది. ఎదురుగా పెళ్లిబట్టల పని, చేతుల నిండా పట్టీలు, నోటి నిండా సూదులు. ఆయన బిల్లు పుస్తకంలోంచి దుకాణం పేరు అచ్చేసిన కాగితం చింపుకుని తయారుగా కూర్చున్నాడు.

"నాలుగు ముక్కలు చాలు. ఎక్కువ రాస్తే ఎవరూ చదవరు" అంది టైలరమ్మ. అంతవరకు బాగానే వినిపించింది. తర్వాత సూదుల మధ్య నుంచి, "అమ్మా, అందరికంటే ముందు, ఆదిలోనే మీకు రాశాను. మీది మాత్రం ఇంకా రాలేదు. దయచేసి పంపండి" అంది.

కండక్టరుగారి చెవిలో పడ్డవి మూడే ముక్కలు. ఆది. ఇంకా రాలేదు. పంపండి. టైలరు ఇంట్లో ఉండే మనిషికి ఆది అంటే కొలతకిచ్చే పాత జాకెట్టు తప్ప ఇంకో అర్థం తోచదు. రోజూ కస్టమర్లకు ఆయన రాసే చీటీల్లో సగం అవే: మీ ఆది ఇంకా రాలేదు, పంపండి. కొత్త ఎత్తు వేసిందిరా నా పెళ్లాం అని లోపల మెచ్చుకుని, ముత్యాల్లాంటి అక్షరాలతో రాసేశాడు. 'అమ్మగారికి నమస్కారం. మీ ఆది మాకు ఇంకా రాలేదు. దయచేసి పంపగలరు.' కింద దుకాణం అడ్రసు ఉండనే ఉంది. అట్టకు టాకా వేసిన తెల్లగుడ్డ ఎప్పటిలాగే లోపల పెట్టి, కవరు అంటించి, పోస్టు డబ్బాలో వేసి వచ్చాడు.

పది రోజులు తిరక్కుండా జవాబు వచ్చింది. కవరు కాదు, పార్సిలు. పోస్ట్‌మ్యాన్ దాన్ని గుమ్మంలో పెట్టి, "ఏం తెప్పించారమ్మా, సంతకం ఇంత మెత్తగా ఉంది?" అన్నాడు.

విప్పితే పాత జాకెట్టు. నిండు చేతులది, తెల్లది, ఉతికి ఉతికి మెత్తబడింది. దాని మీద చిన్న చీటీ. 'మా అత్తగారు చెప్పగా రాస్తున్నాను. ఆది పంపుతున్నాం. మీరు పంపిన గుడ్డ నమూనా ఆవిడకు నచ్చింది, అదే తెలుపులో కానివ్వండి. కుట్టమని మీకు ఎవరు చెప్పారో ఆవిడకు గుర్తు రావడం లేదు. అయినా పంపమన్నారు. పాత టైలరు పోయినప్పటి నుంచి ఒక్క జాకెట్టూ కుదరడం లేదు.'

టైలరమ్మ చీటీ మళ్లీ మళ్లీ చదివింది. తర్వాత మొగుడి వైపు తిరిగింది.

"ఏవండీ, ఏం రాశారు మీరు?"

"నువ్వు చెప్పిందే."

"నేను చెప్పింది ఏంటి?"

"మీ ఆది ఇంకా రాలేదు అన్నావు."

"ఆదిలోనే రాశాను అన్నా! ఆదిలోనే! ఆ మాటకు అర్థం మొదట్లో అని."

"మొదట్లో అనాలంటే మొదట్లో అనొచ్చుగా? నోటి నిండా ఇనుము పెట్టుకుని పుస్తకాల భాష మాట్లాడితే ఎవడికి తెలుస్తుంది?"

"బస్సులో ఇంతేనా మీరు? ఆసుపత్రి అన్నవాణ్ని ఆఫీసు దగ్గర దించేవారా?"

అప్పటికే మరిది గుమ్మంలో ఉన్నాడు. విషయం అర్థమయ్యాక గోడకు ఆనుకుని నవ్వాడు, స్క్రూడ్రైవరు చెవి మీద నుంచి కింద పడింది. "వదినా, సంతకం అడిగితే జాకెట్టు ఇచ్చింది. ఇంకో ఉత్తరం పడెయ్, ఇల్లు రాసిస్తుంది." నవ్వు ఆగాక కాస్త నిదానంగా అన్నాడు. "అయినా మంచిదేలే. ఆవిడ ఒంటి మీది బట్ట. ఇందులోంచి ఓ ముక్క కోసి నడిమి గడిలో పెట్టెయ్. సంతకాన్ని మించింది కదా. ఎవడు కాదంటాడు?"

మొగుడు కూడా తలూపాడు. "వాడు చెప్పింది బాగానే ఉందే."

టైలరమ్మ జాకెట్టును ఒక్క ఉదుటున ఒళ్లోకి లాక్కుంది. "ఆది కోస్తారా ఎవరైనా? నమ్మి చేతికిచ్చిన వస్తువది. కత్తెర పట్టినప్పటి నుంచి ఎవరి ఆదికీ ఒక్క దారం తక్కువ చేసి ఇవ్వలేదు నేను. బొంత గంగలో కలిసినా సరే, దీని మీద కత్తెర పడదు. లేవండి ఇద్దరూ, నాకు వెలుతురు అడ్డం."

వాళ్లు లేచారు. ఆవిడ జాకెట్టును కిటికీ వెలుగులో లోపలి వైపుకు తిప్పింది. టేపు పెట్టకముందు కుట్లు చూడడం ఆవిడ అలవాటు. మనిషి ఒళ్లు ఎలా ఉందో టేపు చెబుతుంది, ఆ ఒంటితో ఎలా నెట్టుకొస్తోందో కుట్లు చెబుతాయి. కుడి చంక కింద వేరే గుడ్డ అతుకు. ఆ అతుకు పక్కన మళ్లీ విప్పి మళ్లీ వేసిన కుట్టు. ముందువైపు హుక్కులన్నీ తీసేసి, పెద్ద టిచ్ బటన్లు పెట్టారు. ఎడమ చేతి అంచు అరిగి పీచు లేచింది. కుడి చేతి అంచు మాత్రం నిన్న కుట్టినంత కొత్తగా ఉంది. ఆ చెయ్యి దేనికీ ఆనలేదు, దేన్నీ రుద్దుకోలేదు. జాకెట్టు పాతబడింది గానీ ఆ చెయ్యి జాకెట్టును వాడనేలేదు.

ఆవిడ అరగని ఆ అంచును అరచేతిలో పరుచుకుంది. ఏడాదికోసారి తను పంపుతూ వచ్చింది అరచేతంత గుడ్డ, సన్నటి గీత కోసం. అందుకోవాల్సిన చెయ్యి ఇది.

ఆ మధ్యాహ్నం కండక్టరుగారు టీ తాగుదామని లోపలికొచ్చి కప్పు చేత్తో పట్టుకుని గడప మీదే ఆగిపోయాడు. పెళ్లాం అద్దం ముందు, కుడి చెయ్యి నడుముకు టేపుతో గట్టిగా కట్టేసుకుని, ఎడమ చేత్తో ఒక్కదానితో తన జాకెట్టు తొడుక్కోవడానికి నానా తిప్పలు పడుతోంది.

"ఏమే, ఎవరు కట్టేశారు నిన్ను?"

"నేనే. మాట్లాడకండి. ఈ బటను దగ్గరే తట్టుకుంటోంది."

"విప్పమంటావా?"

"ముట్టుకున్నారంటే ఊరుకోను. ఆవిడకు విప్పడానికి మీరున్నారా అక్కడ?"

అలా తట్టుకుని తట్టుకుని, ఆఖరికి కిటుకు పట్టింది. కుడి వైపు మెడ నుంచి భుజం మీదుగా చెయ్యి చివరిదాకా మొత్తం తెరుచుకునేలా కత్తిరించింది. చెయ్యి ఎత్తక్కర్లేదు, దూర్చక్కర్లేదు, ఒళ్లో పెట్టుకున్నదాన్ని కప్పుకున్నట్టు కప్పుకుంటే చాలు. గుండీలు ఎడమ చెయ్యి అందుకునే చోట, బొటనవేలితో తోస్తే పడేంత పెద్ద కాజాలతో. బయటికి మాత్రం అదంతా కనబడకుండా పైన పట్టీ వేసింది. చూసినవాళ్లకు కచేరీకి వెళ్లే నిండు చేతుల జాకెట్టే. పెళ్లిబట్టలవాళ్లు వచ్చి గోల పెట్టారు. రేపు రమ్మంది. ఈసారి నోట్లో సూదులు లేవు, అయినా వాళ్లు నమ్మలేదు.

ఉత్తరం తనే రాసింది. కాకి కాళ్ల లాంటి అక్షరాలైనా సరే అనుకుని రాసింది.

'అమ్మా, నేను అడిగింది ఆది కాదు, సంతకం. మా ఆయన చెవుల తప్పు. అయినా ఆది వచ్చాక కుట్టకుండా ఉండలేను, కుట్టాను. ఇది మీదే, సంతకం చేసినా చేయకపోయినా. అడగడం నా పని కాబట్టి మళ్లీ అడుగుతున్నా. ఈసారి గుడ్డ పెద్దది పెట్టాను, చెయ్యి ఎటు పోతే అటు పోనివ్వండి. పెన్ను లావుది, పిడికిలితో పట్టుకోవచ్చు. ఎడమ చేత్తో చేసినా సంతకం సంతకమే. వంకరలకు భయపడకండి, నా బతుకంతా వంకరల మీద కుట్లు వేయడమే.'

పాత జాకెట్టు ఇస్త్రీ చేసి, కొత్తదాని కింద పెట్టి, దిండు గలీబంత తెల్లగుడ్డ మడిచి పైన పెట్టి పంపింది.

తర్వాత రోజులు గడవడం కష్టమైంది. హాలు తెరిచే రోజు దగ్గరికొచ్చేసింది. లైబ్రరీ మేడమ్ ఒకసారి వచ్చి మేకు కొట్టించానని చెప్పి వెళ్లింది, ఏమీ అడగకుండా. అడిగి ఉంటేనే నయం. మరిది కూడా వేళాకోళం మానేశాడు. దాంతో టైలరమ్మకు ఇంకా భయమేసింది. "ఏం మరిదీ, నోరు పడిపోయిందా?" అని తనే కదిపింది. "వస్తుందిలే వదినా" అన్నాడు వాడు, తల దించుకుని ఫ్యాను రెక్క తుడుస్తూ.

వచ్చింది. హాలు తెరవడానికి రెండు రోజుల ముందు పోస్ట్‌మ్యాన్ సైకిలు మీద నుంచే అరిచాడు. "అమ్మా, ఈసారి పల్చగా ఉంది!" టైలరమ్మ మిషను కింద నుంచి కాలు తీయడం మరిచిపోయి లేవబోయి, తూలి, మళ్లీ లేచింది. కవరు చింపింది. గుడ్డ మడతలు విప్పుతుంటే, విప్పిన కొద్దీ నల్లటి గీత వస్తూనే ఉంది.

సంతకం గుడ్డ ఈ చివర మొదలై ఆ చివరిదాకా పోయింది. మొదటి అక్షరం రొట్టె అంత ఉంది. రెండోది కిందికి జారింది, మూడోది ఎక్కడం మొదలుపెట్టింది, చివరిది ఇంకొంచెమైతే గుడ్డ దాటిపోయేది. ఎడమ చెయ్యి. ఆ పేరు. తప్పు చదవడానికి లేదు.

కోడలి చీటీ కూడా ఉంది. 'పొద్దున్నే నన్ను పిలవకుండా జాకెట్టు తనే వేసుకుని వచ్చి హాల్లో కూర్చున్నారు. ఏళ్ల తర్వాత మొదటిసారి. గుడ్డ పరచమన్నారు. ముందు కాగితం మీద ప్రాక్టీసు చేయండి అత్తయ్యా అంటే, పాటకు ప్రాక్టీసు గానీ పేరుకెందుకే అని ఒక్క ఊపులో చేసేశారు. చేశాక చాలాసేపు నవ్వారు.'

టైలరమ్మ ఆ గుడ్డను రెండు చేతుల్తో తల మీదికెత్తి వీధిలోకి వచ్చేసింది. కూరగాయల బండివాడు బండి ఆపాడు. మరిది ఫ్యాను రెక్క చేత్తోనే పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. మొగుడు వెనకాలే వచ్చి, కనబడిన ప్రతివాడికీ, "నా చెవుల వల్లే. నేను సరిగ్గా విని ఉంటే వచ్చేదా ఇది?" అని చెప్పుకున్నాడు. ఆ ఒక్క రోజుకు ఆవిడ అడ్డు చెప్పలేదు.

అసలు తిప్పలు గుడ్డను బొంత మీద పరిచాక తెలిశాయి. నడిమి గడి అరచేతంత. సంతకం దిండు గలీబంత.

"అంచులు మడిచి కుట్టేద్దామా?" అన్నాడు మొగుడు.

"మడిస్తే మొదటి అక్షరం పోతుంది. ఆవిడను సగం మనిషిని చేస్తారా? సగం మనిషి మనకొకడున్నాడు, చాలు."

"మరి?"

టైలరమ్మ బొంత మొత్తాన్ని ఒకసారి కలయజూసింది. ఏళ్ల పని. ప్రతి గడీ పక్క గడితో ఎలా కలిసిందో ఆవిడ వేళ్లకు తెలుసు. పెట్టెలోంచి కుట్లు విప్పే బ్లేడ్లు తీసి, మొగుడి చేతిలో ఒకటి, మరిది చేతిలో ఒకటి పెట్టింది. "విప్పండి. అంతా."

దుకాణం తలుపు మూసి ఆ రెండు రోజులూ అదే పని. మరిది విప్పుతూ ఊరుకుంటాడా? "హీరోగారూ, కాస్త పక్కకు జరగండి, పెద్దావిడ వస్తోంది" అంటూ ఒక్కో గడినీ ఊడదీశాడు. విలను నమస్కారాలతో సహా అంచుకు పోయాడు. కుస్తీవాడు ఒక మూలన పడ్డాడు, వాడి చిల్లుతోపాటే. నడుమ గాయని. చుట్టూ మిగతావాళ్లు. బొంత మునుపటికంటే నాలుగువైపులా పెరిగింది.

నల్ల గీత మీద ఎర్ర దారంతో గొలుసు కుట్టు టైలరమ్మ ఎవరినీ ముట్టుకోనివ్వకుండా తనే వేసింది. జారిన అక్షరం దగ్గర మొగుడు వంగి చూశాడు. "ఇక్కడ కాస్త పైకి లాగి సరిచెయ్యే, చూడముచ్చటగా ఉంటుంది."

"నేను సరిచేస్తే అది నా సంతకం అవుతుంది" అంది ఆవిడ. సూది ఆ అక్షరంతోపాటే కిందికి దిగింది.

హాలు తెరిచే రోజు పొద్దున అన్నదమ్ములిద్దరూ బొంత చెరో భుజాన మోసుకెళ్లారు. వరండాలో పేపర్ల స్టాండు పైన పట్టి చూస్తే సగం నేల మీద పడింది. లైబ్రరీ మేడమ్ అటు చూసి ఇటు చూసి, ఈ గోడకు ఇది పట్టదంది. పట్టే గోడ ఒకటే ఉంది, కొత్త హాల్లో గుమ్మానికి ఎదురుగా. అక్కడ మాజీ చైర్మన్‌గారి నిలువెత్తు ఫోటో ఉంది. కమిటీవాళ్లు మూలకు పోయి గుసగుసలాడుకున్నారు. తిరిగొచ్చి, చైర్మన్‌గారిని దించి, మెట్ల కింద గోడకు ఆనించారు. ఆ మేకుకూ, ఇంకో రెండు కొత్త మేకులకూ బొంత ఎక్కింది.

గుమ్మం దాటి లోపల అడుగుపెట్టిన ప్రతివాడికీ మొదట కనబడింది ఆ ఎర్ర అక్షరాలే. పుస్తకాల కోసం వచ్చినవాళ్లు పుస్తకాలు మరిచిపోయారు. నెమ్మదిగా మాట్లాడవలెను అన్న బోర్డు కిందే నిలబడి టైలరమ్మ గొంతెత్తి అందరికీ విడమర్చి చెబుతోంది. మొగుడు ఇంటికి పోదామని రెండుసార్లు చెయ్యి లాగాడు. వాచ్‌మన్ తాళంగుత్తి ఆడిస్తూ ఫ్యాన్లు ఒక్కొక్కటే ఆపేశాడు. ఆవిడ కదల్లేదు. అప్పుడే లోపలికొచ్చిన ఒక ముసలాయన్ను భుజం పట్టి దగ్గరికి తీసుకెళ్లి, గుడ్డకు తగలకుండా గాల్లోనే వేలితో గీత వెంట నడిపిస్తోంది.

"ఇదిగో, ఈ రెండో అక్షరం చూడండి. ఇక్కడ చెయ్యి జారింది. ఆగింది కూడా, సిరా ముద్ద కట్టింది చూశారా? ఆగి, ఇదిగో, మళ్లీ ఇక్కణ్నుంచి ఎలా లేచిందో చూడండి!"